అక్షరదోషమా, ఆదరణ లోపమా?



మీ విచారణకు కూడా ఒక వాట్సాప్ గ్రూపు ఉండే ఉంటుంది. పూజ వేళలు, పండుగ ఏర్పాట్లు, పుట్టినరోజు శుభాకాంక్షలు, మరణవార్తలు, అన్నీ ఇప్పుడు అందులోనే తెలుస్తున్నాయి. మా విచారణ గ్రూపులో కొంతకాలం క్రితం జరిగిన ఒక సంగతి మీతో చెప్పుకోవాలి. చిన్న సంగతే కాని, నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఒకనాటి రాత్రి పది గంటల వేళ, మా గుడిలో జపమాల చెప్పించే ఒక మామ్మగారు ఇలా రాశారు: "మా మనవడుకి జరం ఎక్కువైంది ఆసుపత్రిలో ఉన్నం ప్రాదన చేయండి ఫాదరు గారికి చెప్పండి". చుక్క లేదు, కామా లేదు. రెండు నిమిషాలు గడవకముందే ఒక యువకుడు జవాబిచ్చాడు: "ప్రాదన కాదు మామ్మా, ప్రార్థన!" పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. దాని కింద మరికొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. నేను ఇరవై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. తప్పు కనబడితే ఎర్ర సిరా కలం వైపు చెయ్యి పోయే అలవాటు నాకు ఇంకా పోలేదు. నేనూ ఒక నవ్వు బొమ్మ పెట్టాను. ఫోను పక్కన పెట్టి నిద్రపోయాను.

పొద్దున లేచి మళ్లీ చూసుకుంటే అప్పుడు తెలిసింది. ఏ ఆసుపత్రి అని మాలో ఒక్కరూ అడగలేదు. ఫాదరుగారికి ఎవరూ చెప్పలేదు. ప్రార్థన అనే మాటకు ఒత్తు ఎక్కడ పెట్టాలో అందరికీ తెలుసు. ప్రార్థన చేయడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆనాటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. తప్పుగా రాయడం దోషమా? తప్పుగా రాసినవారిని చూసి నవ్వడం దోషమా? రెండూ దోషాలే అయితే, ఏది పెద్దది?

ఈ ప్రశ్న ఫోనులతో పుట్టింది కాదు. పదహారు వందల ఏళ్ల క్రితమే పునీత అగస్టీనుగారు దీని గురించి ఆలోచించారు. ఆయన పీఠాధిపతి కాకముందు కార్తేజు, రోము, మిలాను నగరాల్లో వక్తృత్వం నేర్పిన పంతులు. తప్పులు పట్టడం ఆయన వృత్తి. అటువంటి మనిషి తన 'ఒప్పుకోలు' గ్రంథం మొదటి భాగంలో ఒక విచిత్రమైన విషయం చెప్పారు. లాటిను భాషలో 'మనిషి' అనే మాటకు ముందు ఒక హకారం పలకాలి. ఆ హకారాన్ని మింగేసినవాణ్ణి చూసి చదువుకున్నవాళ్లు ముక్కున వేలేసుకుంటారట. అదే చదువుకున్నవాడు సాటి మనిషిని ద్వేషిస్తే మాత్రం ఎవరికీ అంత తప్పుగా తోచదట. న్యాయస్థానంలో నిలబడి, తన మాటలో వ్యాకరణ దోషం దొర్లకూడదని ఎంతో జాగ్రత్తపడే వక్త, తన ద్వేషంతో ఎదుటివాణ్ణి మనుషుల్లో లేకుండా చేస్తున్నానే అని జాగ్రత్తపడడని ఆయన బాధపడ్డారు. ఆ పేజీ చదివినప్పుడు నా నవ్వు బొమ్మ నాకు గుర్తొచ్చింది.

అయితే తొందరపడకండి. "చూశారా, పునీతులే చెప్పారు, ఎలా రాసినా ఫరవాలేదు" అని మన పిల్లలు అనుకుంటే పొరపాటు. అదే అగస్టీనుగారు మరోచోట ఒక్క విరామచిహ్నం కోసం గట్టిగా వాదించారు. యోహాను సువిశేషం మొదటి వచనంలో, వాక్యమే దేవుడని చెప్పే చోట, కొందరు ఆగవలసిన చోట ఆగకుండా ఒక మాట అటు జరిపి చదివేవారట. అలా చదివితే క్రీస్తు దేవుడని ఒప్పుకోవలసిన పని తప్పుతుంది. ఇది చిన్న పొరపాటు కాదని, విశ్వాసానికే విరుద్ధమని ఆయన తేల్చి చెప్పారు. సిలువ మీద పశ్చాత్తాపపడిన దొంగకు ప్రభువు చేసిన వాగ్దానం కూడా చూడండి. 'నేడు' అనే మాటకు ముందు ఆగితే, ఆ దొంగ ఆ దినమే పరదైసులో ఉంటాడని అర్థం. ఆ మాట తర్వాత ఆగితే, వాగ్దానం చేసింది ఈ రోజు, అది నెరవేరేది మరెప్పుడో అనే అర్థం వస్తుంది. తొలి గ్రీకు ప్రతుల్లో అక్కడ కామా లేదు. మన తిరుసభతో పాటు అత్యధికులు మొదటి విధంగానే చదువుతారు. ఒక్క కామా మీద ఎంత ఓదార్పు ఆధారపడి ఉందో గమనించారా?

ఈ కామాలూ చుక్కలూ అసలు ఎవరి కోసం పుట్టాయి? మన తాటాకు గ్రంథాలు చూడండి. మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా ఉండదు. పద్యం చివర ఒక నిలువు గీత, అంతే. ఈనాటి కామా, ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం అచ్చు యంత్రంతో పాటు పాశ్చాత్య భాషల నుంచి మన దగ్గరకు వచ్చినవే. కనుక ఇవి ఆకాశం నుంచి ఊడిపడిన ఆజ్ఞలు కావు. అలాగని పనికిమాలినవీ కావు. పునీత జెరోముగారు యెషయా ప్రవక్త గ్రంథాన్ని లాటినులోకి అనువదించినప్పుడు, అర్థాన్ని బట్టి ఎక్కడికక్కడ విరిచి పంక్తులు పంక్తులుగా రాశారు. గొప్ప వక్తల ప్రసంగాలను అలా రాసే ఆచారం అంతకుముందే ఉంది. చదివేవారి సౌకర్యం కోసమే తానూ అలా చేశానని తన ముందుమాటలో చెప్పుకున్నారు. అంటే విరామచిహ్నం పండితుని బెత్తం కాదు. చదివేవానికి రాసేవాడు అందించే చేయూత. మెట్లు చీకటిగా ఉన్నచోట దీపం పట్టుకుని నిలబడడం వంటిది.

దీపం లేకపోతే ఏమవుతుందో మా బంధువుల ఇంట్లో జరిగింది. వారి స్వస్థలం తెలంగాణ. కోడలిది కోస్తా. ఒక రోజు మామగారు కోడలికి ఇలా రాశారు: "అమ్మ పోయింది ఆసుపత్రికి రేపు వస్తది". ఆయన భాషలో 'పోయింది' అంటే వెళ్లింది. ఆమె పుట్టింటి భాషలో ఆ మాట చాలాసార్లు చావు కబురు. ఫోను మీద ముందు కనబడినవి మొదటి రెండు మాటలే. ఆ పిల్ల ఆఫీసులోనే కూలబడిపోయింది. తర్వాత అందరూ నవ్వుకున్నారు. కాని ఆ ఒక్క నిమిషం ఆమె పడిన క్షోభను ఎవరూ తిరిగి తీసుకోలేరు కదా! ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేటప్పుడు ఈ చిక్కు ఇంకా పెరుగుతుంది. అవే నాలుగు అక్షరాలను 'మాట' అని చదవవచ్చు, 'మాత' అని చదవవచ్చు, 'మత' అని కూడా చదవవచ్చు. రాసేవారికి తమ మనసులో ఉన్నది ఎలాగూ తెలుసు. చదివేవారికే తెలియదు. అందుకే పంపేముందు ఒక్కసారి ఎదుటివారి కళ్లతో చదువుకోవడం మర్యాద మాత్రమే కాదు, అదొక ప్రేమకార్యం కూడా.

ఇక్కడ పెద్దలమైన మనకు కూడా ఒక పాఠం ఉంది. మనం తప్పు అనుకునేదంతా తప్పు కాదు. మా అబ్బాయికి నేను "సరే." అని చుక్క పెట్టి పంపితే, "నాన్నా, కోపం వచ్చిందా?" అని వాడు ఫోను చేశాడు. నాకు విడ్డూరంగా తోచింది. వాక్యం ముగిస్తే చుక్క పెట్టమనే కదా బడిలో నేర్పాము! కాని అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 126 మంది విద్యార్థులతో ఇదే విషయం పరీక్షించి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఫోను సందేశంలో ఒక్కమాట జవాబు చివర చుక్క ఉంటే, అది అంత మనస్ఫూర్తిగా చెప్పినట్టు లేదని చదివినవారికి తోచింది. అదే జవాబు కాగితం మీద చేత్తో రాసి ఉంటే అలా తోచలేదు. ఎదుట మనిషి ముఖం కనబడనప్పుడు, గొంతు వినబడనప్పుడు, పిల్లలు చుక్కలోనూ బొమ్మలోనూ ఆ ముఖాన్ని వెతుక్కుంటున్నారు. వారికీ ఒక వ్యాకరణం ఉంది. అది మనకు రాదు, అంతే.

మన తెలుగులోనూ ఇటువంటి తగవు జరిగింది. గ్రాంథికమే భాష, జనం మాట్లాడేది గ్రామ్యం అని పండితులు కొట్టిపారేసిన రోజుల్లో గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) జనం నోటి భాష పక్షాన నిలిచారు. ఆయన వ్యాకరణానికి శత్రువు కారు. కొండల్లో నివసించే సవరల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేసిన మనిషి. లిపి లేని ఆ ప్రజల మాటలో కూడా క్రమం ఉందని గౌరవంతో వెతికారు కనుకనే ఆయనకు అది దొరికింది. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజున కూడా సాటివారి అక్షరదోషాలు ఎంచుతూ కూర్చుంటే ఆయన ఆత్మ ఏమనుకుంటుందో!

మరి తప్పు దిద్దవద్దా? దిద్దాలి. పంతులు పిల్లవాని తప్పు దిద్దకపోతే అది దయ కాదు, బాధ్యత ఎగవేయడం. గుడిలో పఠనం చదివేవారు ఎక్కడ ఆగాలో తెలియక చదివితే దేవుని వాక్యం జనానికి అందదు. ఉద్యోగానికి దరఖాస్తు రాసే పిల్లకు తప్పులు చూపకపోతే నష్టపోయేది ఆ పిల్లే. అయితే సోదరుని తప్పు దిద్దే విధానం ప్రభువు మనకు మత్తయి సువిశేషం 18వ అధ్యాయంలో నేర్పారు. మొదట నీవూ అతడూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమన్నారు. పాపం విషయంలోనే ఇంత మర్యాద పాటించమంటే, ఒక ఒత్తు విషయంలో రెండు వందల మంది ఎదుట చెప్పడం ఏమి న్యాయం? కనుక దిద్దేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ తప్పు వల్ల అర్థం చెడిందా? దిద్దమని వారు నన్ను అడిగారా, లేక దిద్దే బాధ్యత నాకు ఉందా? ఇప్పుడు వారికి కావలసింది వ్యాకరణమా, మనిషా?

అగస్టీనుగారి దగ్గరికే మరోసారి వెళదాం. లాటినులో 'ఎముక', 'నోరు' అనే రెండు మాటలకు అక్షరాలు ఒకటే, అచ్చు పొడవులో మాత్రమే తేడా. ఆఫ్రికాలోని ఆయన జనానికి ఆ తేడా చెవికి ఆనేది కాదు. అందుకని ఎముక అని చెప్పవలసిన చోట ఆయన పామరులు వాడే తప్పు రూపాన్నే వాడటానికి వెనుకాడలేదు. జనానికి అర్థం కాకపోవడం కంటే పండితులు తనను తప్పుపట్టడమే మేలని ఆయన ఉద్దేశం. అర్థం కోసం విరామచిహ్నాన్ని పట్టుబట్టి నిలబెట్టిందీ ఆయనే, జనం కోసం వ్యాకరణాన్ని వదులుకున్నదీ ఆయనే. ఈ రెంటిలో విరోధం లేదు. రెండుచోట్లా ఆయన చూసింది వినేవాణ్ణే.

మామ్మగారి సంగతి చెప్పి ముగిస్తాను. దేవుని దయవల్ల ఆ పిల్లవాడు నాలుగు రోజులకు కోలుకున్నాడు. తరువాతి ఆదివారం పూజ అయ్యాక నేను ఆమె దగ్గరకు వెళ్లి, ఆ రాత్రి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నానని చెప్పి క్షమించమన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "పోనిద్దురూ మాస్టారూ! నాకు ఫోనులో రాయడం ఎక్కడ వచ్చు? ఎప్పుడూ నా మనవడే రాసిపెడతాడు. ఆ రోజు మంచం మీద ఉన్నది వాడే కదా!" అన్నారు.

ఆమె ఆ తర్వాత గ్రూపులో ఏమీ రాయడం లేదు. ఎవరికైనా ప్రార్థన కావలసి వస్తే గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి చెబుతారు. నేను ఇంటికి వెళ్లి, ఆమె చెప్పినది చెప్పినట్టే గ్రూపులో రాస్తాను. ఫాదరుగారికి ఫోను చేసి కూడా చెబుతాను.