గడీ తుపాకీ, ఊరి వడిసెల

ఆత్మరక్షణ కోసం పౌరులు తుపాకీ ధరించవచ్చునా అన్న ప్రశ్నలో రెండు వేర్వేరు హక్కులు కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీయకుండా జవాబు వెతికేవారు సాధారణంగా మొదటిదాని న్యాయాన్ని చూపి రెండోదాన్ని గెలిపించుకుంటారు. మొదటిది మనిషి తన ప్రాణాన్ని, తనవారి ప్రాణాన్ని కాపాడుకునే హక్కు. ఇది ఏ ప్రభుత్వమూ దయతో ఇచ్చినది కాదు గనుకనే 1860 నాటి శిక్షాస్మృతి దీన్ని ఉన్నదున్నట్టు అంగీకరించింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు దాన్నే కొనసాగిస్తున్నాయి. రెండోది, ఎప్పుడో రాగల ప్రమాదాన్ని ఊహించుకొని మారణాయుధాన్ని ముందే సంపాదించి దగ్గర ఉంచుకునే హక్కు. 1959 ఆయుధాల చట్టం దీన్ని హక్కుగా గుర్తించదు. అధికారి ఇవ్వదగిన, కాదనదగిన, ఇచ్చి కూడా రద్దు చేయదగిన అనుమతిగా, అంటే లైసెన్సుగా, మాత్రమే చూస్తుంది.

మొదటి హక్కుకు చట్టం పెట్టిన షరతుల్లో ఒకటి లోతుగా ఆలోచించదగినది. ప్రభుత్వాధికారుల రక్షణ కోరడానికి వ్యవధి ఉన్నచోట ఆత్మరక్షణ పేరుతో బలం వాడే హక్కు లేదని ఆ షరతు చెబుతుంది. కబురు పెడితే అధికారి వస్తాడనీ, వచ్చినవాడు కొట్టినవాడి పక్షం కాడనీ నమ్మినప్పుడే ఈ షరతుకు అర్థం ఉంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో గడిచిన ఎనభై ఏళ్ల చరిత్ర ఈ నమ్మకానికి పెట్టిన పరీక్షలా సాగింది కాబట్టి, ఆయుధ హక్కు గురించి సాధారణ సూత్రాలు చెప్పుకోవడం కంటే ఈ మెట్ట నేల మీద నిలబడి ఆలోచించడం మేలు.

ఆయుధ హక్కును కోరడం ఒకప్పుడు ఈ దేశంలో జాతీయవాదుల పని. 1878 ఆయుధాల చట్టం భారతీయులను నిరాయుధులను చేసి అవమానించిందన్న భావన కాంగ్రెస్‌లో బలంగా ఉండేది. 1931 నాటి కరాచీ తీర్మానంలోని ప్రాథమిక హక్కుల జాబితాలో నియమాలకు లోబడి ఆయుధాలు ఉంచుకునే హక్కు కూడా చేరింది. ఆ తీర్మానాన్ని గుర్తుచేస్తూ 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఈ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని సవరణ ప్రతిపాదించగా, ఎవరికి వారు అంగడికి వెళ్లి ఆయుధాలు కొనుక్కునే హక్కు ఉంటే రాజ్యం పాలన ఎలా సాగించగలదని అంబేద్కర్ ప్రశ్నించాడు, సవరణ వీగిపోయింది. చివరకు రాజ్యాంగం 19వ అధికరణం పౌరులకు శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కును ఇచ్చింది. ఈ చర్చ ఢిల్లీలో జరుగుతున్న నెలలోనే నల్లగొండ పల్లెల్లో నిజాం లొంగిపోయాక వచ్చిన జనరల్ చౌధురి సైనిక పాలన కింద భారత సైన్యం ఇల్లిల్లూ గాలిస్తూ తుపాకుల కోసం వెతుకుతూ ఉండింది. సభలో ఊహగా మాట్లాడుకున్నది ఇక్కడ అప్పటికే అనుభవం.

ఆ అనుభవం మొదలైంది పేదవాడి చేతి తుపాకీతో కాదు. నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాలో వేల ఎకరాలు గుప్పిట పెట్టుకున్న దేశ్‌ముఖులకు గడీలు ఉండేవి. గడీ అంటే కోటలాంటి ఎత్తైన గోడల భవంతి. అందులో తుపాకులూ వాటిని పేల్చే జీతగాళ్లూ ఉండేవారు. తమ ఆస్తికీ ప్రాణానికీ రక్షణ అనే ఆ యజమానులూ చెప్పుకొని ఉంటారు. ఆత్మరక్షణ అనే మాటకు ఉన్న చిక్కే అది, దాన్ని పలకడానికి ఎవరికీ అడ్డు లేదు. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లా కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయినప్పుడు జనం దగ్గర ఉన్నవి గుత్పలు, అంటే దుడ్డుకర్రలు. వడిసెలలు, అంటే తాడు మధ్యన రాయిపెట్టి గిరగిర తిప్పి విసిరే సాధనాలు. ఆడవాళ్ల చేతుల్లో కారప్పొడి. అదే దేశ్‌ముఖ్ పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను ఎత్తుకుపోవడానికి మనుషులను పంపితే, సంఘం కార్యకర్తలు కర్రలతోనే వాళ్లను తరిమి పంటను ఆమె ఇంటికి చేర్చారు. సంఘం అన్నది ఆంధ్ర మహాసభకు పల్లె జనం పెట్టుకున్న పేరు. ఐలమ్మను కాపాడినది ఆమె చేతిలోని ఆయుధం కాదు, పిలిస్తే కదిలివచ్చిన పదిమంది. ఒంటరి ఇంట్లో దాచిన తుపాకీని ఆత్మరక్షణకు ప్రతీకగా చూసే ఆలోచనలో ఈ పదిమందికి చోటు ఉండదు.

అయితే కర్రలతో సరిపోని రోజులు కూడా వచ్చాయి. నిరాయుధ పౌరుణ్ని ఆదర్శంగా చూపేవారు ఇక్కడ తొందరపడకూడదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు, అంటే నిజాం పాలన నిలబెట్టడానికి సాయుధులైన స్వచ్ఛంద సైనికులు, పోలీసుల అండతో ఊళ్ల మీద పడుతున్నప్పుడు, ప్రభుత్వాధికారుల రక్షణ కోరాలన్న షరతు ఎగతాళిగా మారింది. 1947 సెప్టెంబర్ 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. గడీల నుంచి, ఠాణాల నుంచి గుంజుకున్న తుపాకులూ, మందుకూరి పేల్చే బర్మార్లూ ఊరి దళాల చేతికి వచ్చాయి. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం గ్రామ దళాల్లో సుమారు 10 వేల మంది, గెరిల్లా దళాల్లో సుమారు 2 వేల మంది ఉండేవారు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం వంటి దళ నాయకులు ఈ కాలంలోనే వెలుగులోకి వచ్చారు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి తన బురుజును కాపలా స్థావరంగా చేసుకొని మొదటి దాడులను తిప్పికొట్టింది. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం బలగాలతో కలిసి పెద్ద ఆయుధాలతో వచ్చినప్పుడు ఆ ఊరు కూలిపోయింది, పదుల సంఖ్యలో గ్రామస్థులు హతులయ్యారు. భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలో అడుగుపెట్టింది సెప్టెంబర్ 13న. ఊరికి, రక్షణకు మధ్య ఎడం రెండున్నర వారాలు. ఆ ఊరివారికి ఆయుధం పట్టే నైతిక అధికారం లేదని చెప్పగల సిద్ధాంతం ఏదైనా ఉంటే, దాన్ని తోసిపుచ్చడమే సబబు.

కానీ బైరాన్‌పల్లి తుపాకీ నుంచి నేటి పౌరుడి నడుముకు ఉండే పిస్తోలు దాకా నేరుగా గీత గీయడం కుదరదు. అక్కడ ఆయుధం ఒక మనిషి సొత్తు కాదు; ఎవరు కాపలా కాయాలో, ఎప్పుడు పేల్చాలో, ఎవరి మీద పేల్చకూడదో ఊరూ సంఘమూ కలిసి నిర్ణయించేవి, కనీసం నిర్ణయించాలన్న కట్టుబాటు ఉండేది. అంత కట్టుబాటు ఉన్నచోట కూడా దించవలసిన వేళ తుపాకీ తేలికగా దిగలేదు. నిజాం లొంగిపోయాక ఎవరి మీద, ఎందుకోసం ఆయుధం పట్టాలన్న ప్రశ్న కమ్యూనిస్టు పార్టీని చీల్చింది. విరమించాలన్న రావి నారాయణరెడ్డి వాదన వెంటనే గెలవలేదు. 1951 అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించేదాకా మూడేళ్లలో పోయిన ప్రాణాలు అనేకం. ఆ మరుసటి ఎన్నికల్లో, 1952లో, అదే నారాయణరెడ్డి పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ తరఫున నల్లగొండ నుంచి నెహ్రూకు వచ్చిన ఓట్లకంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లాడు.

దించని తుపాకీ ఏమవుతుందో తర్వాతి తరం చూసింది. నల్లమల అడవుల్లో మావోయిస్టు దళాలూ పోలీసులూ తలపడిన దశాబ్దాల్లో మధ్యనున్న పల్లె ఇరువైపుల తుపాకులకూ జవాబు చెప్పుకోవలసి వచ్చింది. నల్లగొండ జిల్లాకు చెందిన మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి 2000 మార్చి 7న మందుపాతరకు బలయ్యాడు. మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి 2005 ఆగస్టు 15న నారాయణపేటలో కాల్పులకు బలయ్యాడు. ఇద్దరికీ సాయుధ రక్షణ ఉండింది. 2004 అక్టోబర్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ హైదరాబాద్‌లో చర్చలు జరిగినప్పుడు, దళాలు ఆయుధాలతో ఊళ్లలో తిరగవచ్చునా అన్న విషయం మీద రెండు పక్షాలూ పట్టు సడలించలేదు. అదే కాలంలో నల్లమల నల్లత్రాచుల వంటి పేర్లతో వెలసిన ముఠాలు పౌరహక్కుల కార్యకర్తల హత్యలకు తమదే బాధ్యతని ప్రకటించుకున్నాయి. భువనగిరికి చెందిన మాజీ నక్సలైటు నయీముద్దీన్ భూకబ్జాల, బెదిరింపు వసూళ్ల ముఠా నాయకుడిగా మారి, 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి మావోయిస్టుల మీదికి పంపిన పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును ఆయుధ హక్కు వాదులు కూడా చదవాలి. పౌరుణ్ని సాయుధుణ్ని చేయడం అంటే ఒక్కోసారి రాజ్యం తన పనిని, తన ప్రమాదాన్ని బలహీనుడి భుజాన వేయడమే.

అమెరికా ఉదాహరణ మీద ఎక్కువసేపు నిలవనక్కర లేదు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి పెద్దవారు చాలామంది అనుమతి పత్రం లేకుండానే పిస్తోలు వెంట ఉంచుకోవచ్చు. 2023 మే 6న అక్కడి అలెన్ పట్టణంలో ఒక దుకాణ సముదాయంలో కాల్పులకు 8 మంది బలయ్యారు, వారిలో ఒక తెలుగు యువతి ఉంది. ఒక ఘటన ఏ సిద్ధాంతాన్నీ రుజువు చేయదు. అయితే చేతిలో తుపాకీ ఉన్న మంచివాడు ఆపుతాడన్న ధీమా జవాబు చెప్పవలసిన ప్రశ్నే అది.

ఇక ఇక్కడి లైసెన్సు విషయం. జిల్లాలో కలెక్టర్, కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్, పోలీసుల నివేదిక చూసి లైసెన్సు ఇస్తారు. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అడవి పందుల నుంచి చేను కాపాడుకునే రైతు మందుకూరి పేల్చే తుపాకీ కోసం అడగడానికి చట్టంలో ప్రత్యేకంగా చోటు ఉంది. నల్లమల అంచున చేను ఉన్నవాడికి ఇది ఉత్త మాట కాదు. కానీ ప్రాణభయం కింద అడిగేవారి సంగతి వేరు. భయాన్ని కాగితం మీద రుజువు చేయగలిగేవాడు, ఠాణాలో కుర్చీ వేయించుకొని కూర్చోగలవాడు, తుపాకీ ధర భరించగలవాడు సాధారణంగా ఊళ్లో ముందే బలమున్నవాడు. అతడికి భయపడే కూలికి, ఒంటరి స్త్రీకి, ఊరవతలి వాడకు ఆ దరఖాస్తు ఊహకు కూడా అందదు. అందుకని లైసెన్సును ఉదారంగా ఇవ్వడమంటే ఆత్మరక్షణను అందరికీ పంచడమని చెప్పడం పొరపాటు. గడీకి మళ్లీ తుపాకీ ఇవ్వడమే అవుతుంది. లైసెన్సు పూర్తిగా ఎత్తివేస్తే సమానత వస్తుందన్న వాదన కూడా నిలవదు. తుపాకీ సమానమైనా దాని వెనక నిలిచే మనుషులు, వకీలు, బెయిలు సమానం కావు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. ఎన్నికల ప్రకటన రాగానే అధికారులు లైసెన్సు తుపాకులను పరిశీలించి, అవసరమనుకున్నవాటిని ఠాణాలో జమ చేయించుకుంటారు. ఓట్ల లెక్కింపు ముగిశాక తిరిగి ఇస్తారు. ఓటరు భయం లేకుండా నడవడానికి ఆ కొన్ని వారాలు లైసెన్సుదారుడి తుపాకీ ఠాణాలో ఉండటమే మంచిదని రాజ్యమే ఒప్పుకుంటున్నట్టు. ఆ ఓటరే కూలి అడగడానికో, గట్టు తగాదాలో సాక్ష్యం చెప్పడానికో మిగతా కాలమంతా అదే వీధిలో నడుస్తాడు. అప్పుడు ఆ తుపాకీ లోపలి గదిలో ఎవరి రక్షణ కోసం ఉన్నట్టో లైసెన్సు కాగితం చెప్పదు.