ఫ్రెండ్‌ని ఆపేస్తే మనం ఫ్లైట్ ఎక్కొచ్చా? ధర్మరాజు చెప్పిన లెక్క

ఈ వారం వీడియోలో మహాప్రస్థానిక పర్వం గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక అందులో ఒక విషయం వదిలేశాను. అది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

భారతంలో ఇది పదిహేడో పర్వం, చాలా చిన్నది. తిక్కన గారు విరాటపర్వం నుంచి చివరిదాకా తెనిగించిన 15 పర్వాల్లో ఇదీ ఉంది. కథ మీకు తెలిసిందే. పాండవులు, ద్రౌపది రాజ్యం వదిలేసి ఉత్తర దిక్కుగా నడుస్తుంటారు. వెనకాల ఒక కుక్క వస్తుంటుంది. ముందు ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, ఆఖరికి భీముడు. ధర్మరాజు ఎక్కడా ఆగడు, వెనక్కి తిరిగి చూడడు. అంత గట్టిగా నడిచిన మనిషి, ఇంద్రుడు రథం తెచ్చి "ఎక్కు" అంటే మాత్రం, ఈ కుక్క లేకుండా ఎక్కను అని నిలబడిపోతాడు.

తమ్ముళ్ళ కోసం ఆగనివాడు కుక్క కోసం ఎందుకు ఆగాడు?

చిన్నప్పుడు అమ్మమ్మ ఈ కథ చెప్తే "కుక్క అంటే యమధర్మరాజు కదా, అందుకే" అనుకుని ఊరుకున్నా. కానీ అప్పటికి ఆ సంగతి ధర్మరాజుకి తెలీదుగా! తెలిసి ఆగితే అందులో గొప్పేముంది? ఈ ప్రశ్న ఎంత బరువైనదో నాకు తెలిసింది శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో, 2019 ఆగస్టులో, అర్ధరాత్రి దాటాక.

మన బెజవాడ వాళ్ళకి అమెరికా ప్రయాణం అంటే ఎలా ఉంటుందో వేరే ఊళ్ళవాళ్ళకి కొంచెం చెప్పాలి. గన్నవరంలో ఎయిర్‌పోర్ట్ ఉంది, అప్పట్లో పేరుకే ఇంటర్నేషనల్. 2018 డిసెంబర్‌లో సింగపూర్‌కి ఫ్లైట్ మొదలైతే ఊరంతా సంబరపడ్డాం. ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. కాబట్టి మా బ్యాచ్‌కి కూడా శంషాబాదే గతి. హైవే మీద కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి, వరసగా నాలుగు టోల్‌గేట్లు. మధ్యలో సూర్యాపేట దగ్గర టీ. ఆపైన పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే శంషాబాద్. దారంతా "పాస్‌పోర్ట్ పెట్టుకున్నావా" అని ప్రతి అరగంటకీ ఒకళ్ళు అడుగుతూనే ఉంటారు. వెళ్ళేవాళ్ళం నలుగురం. పంపించడానికి వచ్చినవాళ్ళు పదకొండు మంది.

ఫ్లైట్ తెల్లవారుజామున నాలుగింటికి. ఆ టైమ్‌కి ముహూర్తం బాగాలేదని మా పటమట వాడి నాన్నమ్మ, ముందురోజు పొద్దున మంచి ఘడియ చూసి వాడి హ్యాండ్‌బ్యాగ్ పక్కింట్లో పెట్టించింది. ప్రస్థానం పెట్టడం అంటారు దీన్ని. మంచి టైమ్‌కి మన వస్తువు ఒకటి గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. నాకిది భలే నచ్చుతుంది. శాస్త్రాన్నీ ఎయిర్‌లైన్ టైమ్‌టేబుల్‌నీ గొడవ లేకుండా కలిపిన పెద్దావిడ తెలివి అది. ఇక చిలుకూరు బాలాజీకి వీసా రాకముందు 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 అందరం చేసేశాం. దుర్గమ్మ కుంకుమ నలుగురి పర్సుల్లోనూ ఉంది. అంటే దైవం వైపు నుంచి పేపర్లన్నీ కరెక్టే.

గొడవ బరువు దగ్గర మొదలైంది. మనిషికి రెండు బ్యాగులు, ఒక్కోటి 23 కేజీలు. ఇంట్లో స్ప్రింగ్ కాటాకి తగిలించి చూస్తే సరిగ్గా ఉంటుంది. అక్కడ బెల్టు మీద పెడితే 26 చూపిస్తుంది. ఎందుకంటే కాటా చూశాక కూడా అమ్మ ఇంకో గోంగూర ప్యాకెట్ దూరుస్తుంది. మాలో గుడివాడ వాడి బ్యాగ్ 27 దాటింది. నేల మీద కూర్చుని బ్యాగ్ తెరిచాడు. మూడు కవర్లు చుట్టిన ఆవకాయ, కందిపొడి, ప్రెషర్ కుక్కర్, కుక్కర్ లోపల కుక్కిన బనీన్లు అన్నీ బయటపడ్డాయి. వెనకాల క్యూలో జనం చూస్తున్నారు. పటమట వాడు మీద పడిపోయాడు. "వంద సార్లు చెప్పా, లిమిట్ అంటే లిమిట్ అని!"

ఒక్క క్షణం ఇక్కడ ఆగుదాం. వాడికి అంత కోపం ఎందుకొచ్చింది? నాలుగు కేజీలు వాడి నెత్తిన పడలేదు. కౌంటర్‌లో అమ్మాయి మీద అరవలేం. రూల్ పెట్టినవాడు ఎక్కడున్నాడో తెలీదు. ఆరు గంటల ప్రయాణం, నిద్ర లేదు, బయట అమ్మ ఏడుస్తోంది, రేపు దిగాక ఏమవుతుందో అని లోపల భయం. ఇదంతా ఎక్కడో ఒకచోట దిగాలి. ఆ హాల్ మొత్తంలో మనం చనువుగా తిట్టగలిగినవాడు పక్కనున్న ఫ్రెండ్ ఒక్కడే. గీతలో కామం నుంచి క్రోధం పుడుతుందని చెప్తాడు కదా కృష్ణుడు, ఆ క్రోధం ఎవరి మీద దిగుతుందో కూడా గమనిస్తే మన గురించి మనకి చాలా తెలుస్తుంది. దాదాపు ఎప్పుడూ, తిరిగి ఏమీ అనడని మనకి నమ్మకం ఉన్నవాడి మీదే.

చివరికి గుంటూరు వాడు తన బ్యాగ్‌లో చోటుందని రెండు కేజీలు తీసుకున్నాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. "ఈ బ్యాగ్ మీరే సర్దుకున్నారా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా?" అని అడిగితే ఇక వాడు నిజంగా ఏం చెప్పాలి? మన ఊళ్ళలో ప్రయాణం ఖాయమైందంటే చాలు, పై వీధి ఆంటీ వాళ్ళబ్బాయికి మందులు, ఎవరి అల్లుడికో పూతరేకులు, అన్నీ మన బ్యాగ్‌లోకే. కాదంటే మొహమాటం. పార్సిల్ ఇచ్చేవాళ్ళది ప్రేమే, అనుమానం లేదు. కానీ దొరికితే పేరు మాత్రం మనది. అందుకని నా అభిప్రాయం సూటిగా చెప్తా: విప్పి చూడకుండా ఎవరిదీ తీసుకోకండి. విప్పితే బాధపడేవాళ్ళది అసలే వద్దు. గుంటూరు వాడు ఆవకాయ కవర్లు ఒక్కొక్కటీ చేత్తో నొక్కి చూసే పెట్టుకున్నాడు. స్నేహం తక్కువై చూడలేదు.

అసలు సమస్య ఆ తర్వాత వచ్చింది. నలుగురిలో ముగ్గురికి బోర్డింగ్ పాస్‌లు వచ్చేశాయి. గుడివాడ వాడిని పక్కకి నిలబెట్టారు. వాడి వీసా ఆలస్యమవడంతో ఐ-20లో ఉన్న ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీ రెండు రోజుల కిందటే దాటిపోయింది. ఆలస్యంగా రావచ్చని యూనివర్సిటీ ఇచ్చిన లెటర్ చూపించమన్నారు. వాడి దగ్గర మామూలు ఈమెయిల్ ఒకటుంది, లెటర్ లేదు. ఎయిర్‌లైన్ పేరు అనవసరం. వాళ్ళ భయం వాళ్ళది, అక్కడ దిగాక వెనక్కి పంపిస్తే భారం వాళ్ళ మీదే పడుతుంది.

మన వైపు ఈ భయం కొత్తదీ కాదు. 2015 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలో సిలికాన్ వ్యాలీ యూనివర్సిటీ, నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నిక్ యూనివర్సిటీల్లో చేరాల్సిన 19 మంది విద్యార్థుల్ని ఎయిరిండియా హైదరాబాద్‌లో విమానం ఎక్కనివ్వలేదు. అంతకుముందు వెళ్ళిన కొందరిని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపి వెనక్కి పంపేశారనీ, అమెరికా అధికారుల నుంచి తమకి సమాచారం ఉందనీ చెప్పింది. యూనివర్సిటీలేమో మేం ఏ బ్లాక్‌లిస్ట్‌లోనూ లేమన్నాయి. పాస్‌పోర్ట్‌లో వీసా ఉన్నా ప్రయాణం ఆగిపోతుందని అప్పుడు ఇంటింటికీ తెలిసింది. అప్పట్లో మేం ఇంజనీరింగ్‌లో ఉన్నాం. ఆ వార్త చదివి క్యాంటీన్‌లో రోజంతా మాట్లాడుకున్నాం. మన పక్కవాడికే జరుగుతుందని అప్పుడు ఎవరనుకుంటారు?

టైమ్ ఒంటిగంట దాటింది. కౌంటర్ గంట ముందు మూసేస్తారు. ఇమిగ్రేషన్ క్యూ పాములా ఉంది. వాళ్ళ నాన్న బయట, గాజు తలుపు అవతల. టికెట్ లేనివాళ్ళని లోపలికి రానివ్వరు. ఒక్కసారి ఆ తలుపు దాటాక మనకి లోపల ఉన్న చుట్టం ఫ్రెండ్ ఒక్కడే. గుడివాడ వాడు మా వైపు చూసి అందరూ అనే మాటే అన్నాడు: "మీరు వెళ్ళండిరా, నేను చూసుకుంటా."

ఈ మాటని ఎంతవరకు నమ్మాలి? మన భాషలో ఇది సగం అనుమతి, సగం మొహమాటం. "ఆగండిరా" అని నోరు తెరిచి అడిగే అలవాటు మనకి లేదు. భోజనానికి కూర్చోమంటే రెండుసార్లు వద్దని మూడోసారి కూర్చుంటాం. అలాంటివాళ్ళం, ఆపదలో మొదటిసారే నిజం చెప్తామా?

ఇప్పుడు ధర్మరాజు దగ్గరికి వద్దాం. ఇంద్రుడు కూడా ఆయన్ని ఇదే అడుగుతాడు. భార్యనీ తమ్ముళ్ళనీ వదిలేసి వచ్చావు, ఈ కుక్క దగ్గర ఎందుకు మొండికేస్తున్నావు అని. జవాబు చాలా లెక్కగా ఉంటుంది. చనిపోయినవాళ్ళతో చెలిమీ లేదు, పగా లేదు. వాళ్ళని నేను బతికించలేను. బతికుండగా నేను వాళ్ళని వదల్లేదు. ఇది మాత్రం ప్రాణంతో ఉండి నన్నే నమ్ముకుని వచ్చింది. నమ్మి వచ్చినవాళ్ళని వదలడం ఎంతటి పాపమో చెప్తూ, దానితో సమానమైన పాపాలు లెక్కపెడతాడు. అందులో మిత్రద్రోహం ఒకటి.

అంటే ఆయన ఎవరు ఎక్కువ దగ్గర అని చూడలేదు. నేను ఆగితే వాళ్ళకి ఏమైనా ఒరుగుతుందా, వాళ్ళు నా మీద ఆధారపడి ఉన్నారా, ఈ రెండే చూశాడు. ఇంజనీర్‌గా నాకిది నచ్చింది. ప్రేమ తక్కువైనవాడి కోసం కూడా ఆగాల్సి రావచ్చు, ప్రాణంలాంటివాడి దగ్గర కూడా ఆగకుండా వెళ్ళాల్సి రావచ్చు.

ఆ లెక్కతోనే నేను వెళ్ళాను. పటమట వాడూ నేనూ. గుంటూరు వాడు ఆగాడు. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోవట్లేదు. నా టికెట్ నా ఒక్కడిది కాదు, దాని వెనక మా నాన్న పొలం కాగితాలు బ్యాంక్‌లో ఉన్నాయి. ముగ్గురం నిలబడినా రాని లెటర్ రాదు. ఒకడు చాలు. గుంటూరు వాడి ఫోన్‌లో ఇంటర్నేషనల్ కాల్స్ ఆన్ చేసి ఉన్నాయి. అమెరికాలో అప్పుడు మధ్యాహ్నం రెండున్నర, యూనివర్సిటీ ఆఫీస్ తెరిచే ఉంటుంది. ఆగితే పని జరిగే మనిషి వాడే.

పని జరగలేదు. లెటర్ పంపిస్తామన్నారు, పంపించారు, కానీ అప్పటికి కౌంటర్ మూసేశారు. గుంటూరు వాడు చివరి పిలుపుకి పరిగెత్తుకుంటూ గేట్ దగ్గరికి వచ్చాడు. గుడివాడ వాడు ఆరు రోజుల తర్వాత, కొత్త టికెట్ కొనుక్కుని వచ్చాడు.

మరి గుంటూరు వాడు ఆగి ఏం సాధించినట్టు? నా లెక్కలో సున్నా. చాలాకాలం తర్వాత గుడివాడ వాడిని అడిగితే, కాల్స్ గురించి వాడికి పెద్దగా గుర్తే లేదు. వాడు చెప్పింది వేరే. "వాడు నా ట్రాలీ పట్టుకుని నిలబడ్డాడ్రా. నేను తలుపు దగ్గరికెళ్ళి, గాజులోంచి నాన్నని చూస్తూ ఫోన్‌లో మాట్లాడా. ట్రాలీ వదిలేసి వెళ్ళడానికి లేదు కదా అక్కడ." అంతే. ఎవరూ లేకపోతే ఆ రెండు నిమిషాలు వాడికి ఉండేవి కావు. నేను వేసిన లెక్కలో ట్రాలీ లేదు. వెళ్ళడం తప్పని దీనివల్ల నేను ఒప్పుకోను. కానీ "నేను ఆగితే ఏమైనా ఒరుగుతుందా" అనే ప్రశ్నకి మనం ఎప్పుడూ పెద్ద జవాబులే వెతుకుతాం అని మాత్రం అర్థమైంది. కుక్కని రథం ఎక్కించడం వల్ల కుక్కకి ఏం ఒరుగుతుందని ధర్మరాజు అడగలేదు, అది ఒంటరిగా మిగలకూడదు అన్నాడు.

ఈ పర్వంలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. ఒక్కొక్కరూ పడినప్పుడల్లా భీముడు "ఎందుకు పడ్డారన్నా?" అని అడుగుతాడు. ధర్మరాజు నడుస్తూనే చెప్తాడు. ద్రౌపదికి అర్జునుడి మీద పక్షపాతం. సహదేవుడికి తనంత తెలివైనవాడు లేడని గర్వం. నకులుడికి అందం. అర్జునుడు ఒక్కరోజులో శత్రువులందర్నీ చంపుతానని ప్రగల్భాలు పలికాడు. భీముడికైతే తిండి, బలం. ఆగకపోవడం నాకు అర్థమవుతుంది. పడ్డ మనిషి తప్పుల లిస్ట్ అప్పుడే ఎందుకు? పెద్దలు దీనికి చాలా సమాధానాలు చెప్తారు, కర్మఫలం ఎవరినీ వదలదని చూపించడానికి అంటారు. కావచ్చు. కానీ ఆ రాత్రి ఇమిగ్రేషన్ క్యూలో పటమట వాడు నాతో అన్నది కూడా ఇదే. "వీసా డేట్ ముందే చూసుకోవాల్సింది. వాడెప్పుడూ ఇంతే, అన్నీ చివరి నిమిషంలో." అబద్ధం కాదు. ప్రతి అక్షరం నిజం. అది వింటుంటే మాత్రం వాడు మమ్మల్ని వెళ్ళమన్న మాట తగ్గించి, మేం వెళ్ళడానికి కారణం పెంచుకుంటున్నట్టు అనిపించింది. తప్పు వాడిదైతే మనం హాయిగా నిద్రపోవచ్చు కదా, పదహారు గంటలు.

వ్యాసుడు కథని అక్కడితో వదల్లేదు. తర్వాతి పర్వంలో ధర్మరాజు స్వర్గానికి వెళ్తే దుర్యోధనుడు సింహాసనం మీద దర్జాగా కనిపిస్తాడు, తనవాళ్ళు ఎవరూ కనపడరు. వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళమంటే చీకటి, దుర్వాసన ఉన్న దారిలో నరకానికి తీసుకెళ్తారు. వెనక్కి తిరగబోతుంటే గొంతులు వినిపిస్తాయి. నువ్వు ఇక్కడుంటే మాకు ఉపశమనంగా ఉంది, కాసేపు ఉండు అని. ఎవరు మీరు అని అడిగితే ఒక్కొక్కరూ పేరు చెప్తారు. కర్ణుడు, భీముడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు, ద్రౌపది. ఇందాక ఎవరి తప్పులు చదివాడో వాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఈసారి ఒక్క తప్పు కూడా గుర్తు చేయడు. దూతతో నువ్వు వెళ్ళిపో, నేను ఇక్కడే ఉంటానంటాడు.

వాళ్ళ శిక్ష తగ్గించే శక్తి తనకుందని ఆయన అనుకోలేదు. ఉండమన్నారు, ఉన్నాడు.