ఆట ముగియకముందే లేచిపోవువారు



గడచిన నెలలో ఒక ఆదివారమున ఆరాధన ముగిసి, చాపలు చుట్టుచున్న వేళ, మన యౌవనస్థులలో ఒకడు సెల్‌ఫోను పట్టుకొని మాయొద్దకు వచ్చెను. అందులో ఒక పాత ఫుట్‌బాలు ఆట నడుచుచుండెను. "అయ్యగారూ, ఇంకా సగం ఆట ఉండగానే జనం లేచి పోతున్నారు చూడండి. మా జట్టు, మా జట్టు అని కేకలు వేసుకుంటూ వచ్చినవాళ్లే. వీళ్లది తప్పంటారా, కాదంటారా?" అని అడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఇంటికి వచ్చి భోజనమునకు కూర్చున్న తరువాత కూడ ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. చిన్న ప్రశ్నగా కనబడినను, అందులో మన సంఘమునకును మన ఇరుగుపొరుగునకును సంబంధించిన పెద్ద సంగతి యున్నదని తోచినందున, దానినిగూర్చి ఈ మాసము కొన్ని మాటలు వ్రాయుచున్నాము.

మన పల్లెలలో కబడ్డీని, క్రికెట్టును ఎరిగినంతగా ఫుట్‌బాలును ఎరుగరు గనుక ముందుగా కొంచెము చెప్పవలెను. జట్టునకు పదకొండుగురు. ఆట 90 నిమిషములు. 45 నిమిషములైన తరువాత విరామము. ఆ యువకుడు మాకు చూపినది 2014వ సంవత్సరము జూలై 8వ తేదీన బ్రెజిల్ దేశమందలి బెలో హోరిజొంటే పట్టణములో జరిగిన ప్రపంచ కప్పు సెమీ ఫైనల్ ఆట. బ్రెజిల్ ప్రజలు ఈ ఆటను ప్రాణప్రదముగా ఎంచుదురు. అప్పటికి ఐదు పర్యాయములు ప్రపంచ కప్పు గెలిచిన దేశమది. 1975వ సంవత్సరము తరువాత తమ గడ్డమీద పోటీ ఆటలో ఓడి యెరుగరు. ఆ దినమున 58 వేలకు పైగా జనులు కూడియుండిరి. కాని వారి ముఖ్య ఆటగాడైన నెయ్‌మార్ వెన్నుకు గాయమై పడియుండెను. జట్టు నాయకుడు ఆ ఆటకు నిషేధింపబడియుండెను. జర్మనీ జట్టు 11వ నిమిషమున మొదటి గోలు వేసెను. తరువాత 23వ నిమిషము మొదలుకొని 29వ నిమిషము లోపల నాలుగు గోలులు వేసెను. అరగంట కాకముందే ఐదు సున్న! పెద్దవారు, పిల్లలు బహిరంగముగా ఏడ్చిరి. కొందరు విరామమునకు ముందే లేచి ఇండ్లకు పోసాగిరి. కడపట లెక్క ఏడు ఒకటి.

వారిది తప్పా? న్యాయముగా చూచిన యెడల తప్పని చెప్పుటకు వీలులేదు. ఆటగాడు గంట కొట్టువరకు కూలికి కుదిరినవానివంటివాడు. ఎంత అవమానమైనను ఆట ముగియువరకు మైదానమందు ఉండవలెను. చూడవచ్చినవాడు అట్టివాడు కాడు. అతడు టిక్కెట్టు కొనుక్కొనినాడు, ప్రమాణమేమియు చేయలేదు. సంతలో గాజులు చూచి నచ్చక వెళ్లిపోయినవానిని ఎవరైన తప్పుపట్టుదురా?

అదిగాక, లేచిపోయినవారందరిని ఒకే త్రాట కట్టరాదు. మొదట, కారణములు అనేకములు. ఒకనికి చివరి రైలు తప్పిపోవును. ఒకామె చంకలో పసిబిడ్డ యుండును. మన కూటములలో ముగింపు ప్రార్థనకు ముందే లేచువారిలో సగము మంది చివరి బస్సు కొరకే లేతురని మేము ఎరుగుదుము.

రెండవది, లేచిపోవుట కొన్ని సమయములలో విడిచిపోవుట కాదు. 2016వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన ఇంగ్లాండు దేశమందు లివర్‌పూల్ జట్టు అభిమానులు సుమారు పదివేలమంది 77వ నిమిషమున లేచి వెలుపలికి నడచిరి. అప్పుడు వారి జట్టు రెండు సున్నతో గెలుచుచుండెను! టిక్కెట్టు ధర 77 పౌండ్లకు పెంచుదుమని యజమానులు చెప్పినందున, బీదలు ఇక ఆట చూడలేరను బాధతో వారట్లు చేసిరి. వారు పోయిన తరువాత ఎదుటి జట్టు రెండు గోలులు వేసి ఆటను సమము చేసెను. కాని కొలది దినములలోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధరను మానుకొనిరి. ప్రేమించినవారే లేచిపోయిరి; ప్రేమించినందుననే లేచిపోయిరి.

మూడవది, కారణము తెలియక నింద వేయుట మహా పాపము. 1971వ సంవత్సరము జనవరి 2వ తేదీన స్కాట్లాండు దేశమందలి గ్లాస్గో పట్టణములో, ఐబ్రాక్స్ మైదానమందు, ఆట కడవరి నిమిషములలో రేంజర్స్ జట్టు వెనుకబడెను. వెంటనే తిరిగి గోలు వేసి సమము చేసెను. జనులు వెళ్లుచుండగా మెట్లమీద త్రొక్కిసలాట జరిగి 66 మంది మరణించిరి. ముందుగా లేచిపోయినవారు గోలు కేకలు విని వెనుకకు పరుగెత్తుటచేతనే ఈ ఘోరము జరిగెనని చాలకాలము చెప్పుకొనిరి. కాని విచారణలో అది నిజము కాదని తేలెను. అందరును ఒకే దిక్కుగా దిగిపోవుచుండిరి. ఓడిన జట్టును విడిచిపోయినవారిమీద నింద వేయుట లోకమునకు ఎంత సులభమో చూడుడి. చనిపోయినవారి తల్లులు ఆ మాటను ఎట్లు సహించిరో!

అయితే పై మూటిలో చేరని లేచిపోవుట ఒకటి కలదు. రైలు లేదు, బిడ్డ లేదు, అన్యాయముమీద పోరాటము లేదు. ఓడిపోవుచున్నవారి చెంత కూర్చుండుటకు మనస్సొప్పక లేచిపోవుట. ఆ యువకుడు అడిగినది దీనినిగూర్చియే.

దీనికి జవాబుగా సాధారణముగా చెప్పబడు మాట ఏమనగా, "ఓపికపట్టుము, ఆట తిరుగవచ్చును" అని. అది నిజమే. 2005వ సంవత్సరము మే 25వ తేదీన ఇస్తాంబుల్ పట్టణములో లివర్‌పూల్ జట్టు విరామమునాటికి మూడు సున్నతో వెనుకబడియుండెను. వారి జనులు ఆ విరామమందే గొంతెత్తి పాడిరి. విరామము తరువాత ఆరు నిమిషములలో మూడు గోలులు వచ్చెను. కడకు పెనాల్టీలలో వారే గెలిచిరి. 2012వ సంవత్సరము మే 13వ తేదీన మాంచెస్టర్ సిటీ జట్టు 90 నిమిషములు నిండునప్పటికి ఓడుచుండెను. కొందరు కన్నీళ్లతో బయటికి పోయిరి. అదనపు నిమిషములలో రెండు గోలులు వచ్చి, 44 ఏండ్ల తరువాత ఆ జట్టు లీగు పోటీలో విజేతయాయెను. బయటికి పోయినవారు జీవితమంతయు విచారింతురు.

కాని ప్రియులారా, ఈ జవాబు మాకు చాలదు. ఆట తిరుగునను ఆశతో కూర్చుండినవాడు తన లాభము కొరకే కూర్చుండెను. లాటరీ టిక్కెట్టు చింపక దాచుకొనువానికిని అతనికిని భేదమేమి? బెలో హోరిజొంటేలో ఆట తిరుగలేదు. తిరుగని ఆటయందే మన ప్రశ్నకు అసలు పరీక్ష యున్నది.

అక్కడ కడవరకు ఉండినవారు ఏమి చేసిరి? అందరును మంచినే చేసిరని చెప్పలేము. కొందరు తమ జట్టులోని ఒక ఆటగానిని ఎగతాళి చేసి కూతలు పెట్టిరి. అట్లు ఉండుటకంటె మౌనముగా ఇంటికి పోవుటయే మేలు. కాని జర్మనీ జట్టు ఏడవ గోలు వేసినప్పుడు బ్రెజిల్ అభిమానులనేకులు లేచి నిలువబడి చప్పట్లు కొట్టిరి. తమ వారి ఓటమిని కన్నులార చూచి, ఎదుటివారి మంచి ఆటను మంచిదని ఒప్పుకొనిరి. అది మిగుల కష్టమైన పని. లేచిపోయినవానికి ఆ భాగ్యము కలుగలేదు.

మనుష్యుల మాటలను గమనించితిరా? జట్టు గెలిచిన దినమున "మేము గెలిచాము" అందురు. ఓడిన దినమున "వాళ్లు ఓడిపోయారు" అందురు. ఒక్క దినములోనే "మేము" అనునది "వాళ్లు" అగును. టిక్కెట్టు కొనినవాడు ప్రమాణమేమియు చేయలేదని పైన వ్రాసితిమి. కాని "మా జట్టు" అని నోరార పలికినవాడు ఒక మాట ఇచ్చినాడు కాడా? సంతలో గాజులు చూచినవాడు "ఇవి నావి" అనలేదు. ఇతడు అన్నాడు. ఆ "మా" అను చిన్న మాట నిజమో కాదో ఐదు సున్న దగ్గరనే తెలియును.

దావీదు రాజు తన కుమారునికి భయపడి యెరూషలేము విడిచి, చెప్పులు లేక ఏడ్చుచు కొండ యెక్కినప్పుడు, గాతు ఊరివాడైన ఇత్తయి వెంట వచ్చెను. అతడు పరదేశి, క్రొత్తగా వచ్చినవాడు. రాజే అతనిని తిరిగి పొమ్మనెను. న్యాయముగా అతడు పోవచ్చును, ఎవరును తప్పుపట్టరు. అయినను చావైనను బ్రదుకైనను రాజున్న చోటనే యుందునని అతడు నిలిచెను. దావీదు మరల గెలుచునని అతనికి ఆ దినమున ఎవరు చెప్పిరి? సిలువయొద్ద నిలిచిన స్త్రీలకు మూడవ దినమునుగూర్చిన నిరీక్షణ యుండెనా? సుగంధద్రవ్యములు సిద్ధపరచుకొని సమాధికి పోయినవారు ఆట తిరుగునని తలంచినవారు కారు. ఊరకనే నిలిచిరి.

ఇక్కడ మేము మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. కొన్ని ఏండ్ల క్రిందట మేము సేవచేసిన ఒక ఊరిలో ఒక సహోదరుడుండెను. కోతపండుగకు మొదటి బస్తా ఆయనదే. మేము ఆ ఊరు వెళ్లిన ప్రతిసారి ఆయన ఇంటనే భోజనము. వరుసగా రెండేండ్లు మిరపతోట పోయెను. అప్పులవారు ఆయన అరుగుమీద కూర్చుండసాగిరి. మేము మొదటి వారము వెళ్లి ప్రార్థించితిమి. రెండవసారి గడియారము చూచుకొనుచు పావుగంట కూర్చుంటిమి. తరువాత, "మేము అప్పు తీర్చగలమా? వెళ్లి చేయునదేమున్నది?" అని మాకు మేమే చెప్పుకొని, ఆయన వీధి తప్పించి కాలువ గట్టుమీదుగా నడచితిమి. కొన్ని నెలల తరువాత ఆయన బల్లారాధనకు వచ్చి, కడవరి చాపమీద కూర్చుండి, వెళ్లునప్పుడు వాకిట నిలిచి మెల్లగా ఇట్లనెను: "అయ్యగారూ, మీరు డబ్బు తెస్తారని కాదండి. కాసేపు కూర్చుంటారని చూశాను."

ఆ మాట ఇప్పటికిని మా చెవులలో యున్నది. మా నోట ఎన్ని ప్రసంగములు! "మా సహోదరుడు" అని ఎన్నిమార్లు! ఆయన ఆట ఐదు సున్న అయినప్పుడు మేము లేచిపోతిమి. ఆయన మమ్మును క్షమించి మరల భోజనమునకు పిలిచెను. కోడి కూసిన రాత్రి ఎరుగనని బొంకిన పేతురునకు సముద్రతీరమున రొట్టెయు చేపయు పెట్టిన ప్రభువు గుర్తుకు వచ్చి, ఆ అన్నము మాకు మ్రింగుడుపడలేదు. లేచిపోయినవారికి తిరిగి వచ్చు ద్వారము మూయబడలేదు; అదియే మా ధైర్యము.

కాబట్టి ఆ యువకునికి మా జవాబిది. తమ్ముడా, లేచిపోయినవానిని కారణమెరుగక నిందింపకుము. గెలుచుననియే కూర్చుండినవానిని మిక్కిలిగా పొగడకుము. నీవు "మా" అని పలుకకముందే ఆలోచించుము; పలికిన తరువాత లెక్క చూడకుము.

సంఘస్థులారా, ఈ మాసము మీ వీధిలో ఎవరి ఇంట ఆట పోవుచున్నదో చూడుడి. పరీక్ష తప్పిన పిల్లవాడు, మంచము పట్టిన ముసలమ్మ, అప్పుల పాలైన రైతు, అల్లుడు తరిమివేసిన కూతురిని ఇంట పెట్టుకొని తల వంచుకొనిన తండ్రి. వెళ్లుడి. చేయునది తోచకపోయినను, చెప్పుటకు మాట దొరకకపోయినను, కొంతసేపు కూర్చుండుడి. గడియారము చూడకుడి. మేమును ఈసారి కాలువ గట్టుమీదుగా పోము.