రోగియొద్ద కూర్చుండుట

ధ్యానభాగములు: యోబు 2:11–13, 2 తిమోతి 4:20



గోదావరిఖనికి సమీపమున మేము పరిచర్యచేయు గ్రామసంఘములో ఒక సహోదరుడున్నాడు. ఆయన సింగరేణి బొగ్గుబాయిలో తట్టా చెమ్మసు పట్టి అనేక సంవత్సరములు పనిచేసెను. బాయిలోని దుమ్ము ఊపిరితిత్తులలో పేరుకొనినందున ఇప్పుడు గుడి మెట్లు ఎక్కుటకు రెండుమారులు నిలువవలసివచ్చుచున్నది. రాత్రులు పండుకొనలేక గోడకు చేరగిలబడి కూర్చుండును.

మేము ఆయన యింటికి వెళ్లినప్పుడెల్ల తలమీద చెయ్యివేసి ప్రార్థించి, “వచ్చే నెలకు లేచి నడుస్తావు” అని చెప్పి వచ్చుచుంటిమి. ఒక దినమున ఆయన మా చెయ్యి పట్టుకొని, “అయ్యగారూ, బాగైతదని మీరు చెప్పిపోతరు. నెల దాటినా బాగుగాకపోతే నా విశ్వాసమే తక్కువైందని అనిపిస్తది. ఊకె జర సేపు కూసోండ్రి” అనెను. ఆ మాట మా గుండెలో గుచ్చుకొనెను. ఆదరించుచున్నామని తలంచి, రోగముపైన నిందయను బరువునుకూడ మేము మోపియుంటిమి.

యోబు స్నేహితులను జ్ఞాపకము చేసికొనుడి. వారు ఏడు దినములు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద కూర్చుండి మాటలాడకయుండిరి. వారు చేసిన మేలు అదియే. నోరు తెరచి కారణములు వెదకినప్పుడు గాయపరచిరి.

పౌలు అనేక రోగులను స్వస్థపరచెను. అయినను తన తోటివాడైన త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచివచ్చెను. త్రోఫిమునకు విశ్వాసము లేదని ఆయన వ్రాయలేదు. తన శరీరములోని ముల్లు నిమిత్తము ఆయన మూడుమారులు వేడుకొనగా ముల్లు పోలేదు గాని, కృప దొరకెను. కాబట్టి స్వస్థతకొరకు ప్రార్థింపవలెను. స్వస్థత కలుగనియెడల రోగిని నిందింపకూడదు.

మరియొక మాట. ఆయన దగ్గునకు భయపడి మనలో కొందరు బల్లలో దూరముగా జరిగి కూర్చుండుట చూచితిమి. సహోదరులారా, బొగ్గుదుమ్మువలన కలుగు రోగము అంటువ్యాధి కాదు. 1952వ సంవత్సరపు గనుల చట్టము క్రింద అది గని పనివారి రోగముగా ప్రకటింపబడినది. అది పాపఫలము కాదు, పనిఫలము. దుమ్ము చేసిన మచ్చలు మానవు. అయినను మందులు ఆయాసమును తగ్గించును, బీడీ చుట్టలు మానుట మేలు. క్షయ వేరు, అది అంటునది, నయమగునది. రెండు వారములు దాటిన దగ్గు ఎవరికున్నను సర్కారు దవాఖానలో కఫము పరీక్ష చేయించుకొనవలెను.

పక్షవాయువు గలవానిని నలుగురు మోసిరి. ఒక్కడు మోసినయెడల అలసిపోవును. మా సహోదరుని భార్య ఒంటరిగా మోయుచున్నది. ఆమె కన్నీరు మేము ఆలస్యముగా చూచితిమి. ఒకరు దవాఖాన చీటీకొరకు వరుసలో నిలువవచ్చును; ఒకరు నీళ్లు తెచ్చి పోయవచ్చును; ఒకరు రాత్రి మేలుకొని ఆమెను నిద్రపోనియ్యవచ్చును. మొదటి నెల అందరు వత్తురు. మూడవ సంవత్సరమున వచ్చువాడే స్నేహితుడు.

ఇప్పుడు మేము వెళ్లి ఊరక కూర్చుందుము. మొన్న రాత్రి షిఫ్టు వేళకు ఆయన కన్నులు మూసికొని, బాయిలోనికి దిగు మన పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి, ఊపిరి ఆడినంతమట్టుకు ప్రార్థించెను. ప్రతి రాత్రియు ఆలాగే చేయునట. మేము ఆదరింప వెళ్లి ఆదరణపొంది వచ్చితిమి. ఆయన మన సంఘమునకు బరువు కాడు, కావలివాడు.

ప్రార్థన: ప్రభువా, త్వరపడి మాటలాడు మా నోటిని ఆపుము. విసుగక కూర్చుండు మనస్సు మాకు దయచేయుము. ఊపిరికొరకు పోరాడు నీ బిడ్డలకు ఈ రాత్రి తోడైయుండుము. ఆమేన్.