పెంటకుప్పయు అక్షరమును

ప్రాతఃకాలమున స్వామి కంఠమునుండి తీసిన తులసిమాల నిర్మాల్యమగును. అది కాళ్లక్రింద పడరాదని ఏటిలోనో నూతిలోనో విడుతురు. కోళ్లగూటి అడుగున పేరుకొన్న రెట్ట నెత్తినవాడో, స్నానము చేయనిదే వంటయింట అడుగిడడు. ఈ రెంటిని ఒక్క గోతిలో వేసి, నడుమ వరిగడ్డి పరచి, నీరు చిలికి, కొన్ని నెలలు విడిచిన పిమ్మట, ఆ నల్లని పొడిలో పవిత్రమైన పాలు ఏదియో, అపవిత్రమైనది ఏదియో ఏరి చూపగల పండితుడు కలడా? శౌచాశౌచములు వస్తుధర్మములా, మన దృష్టిధర్మములా?

అంతయు నొక్కటే యని తొందరపడి తీర్పు చెప్పువారికి మాత్రము కుప్ప సాక్ష్యమీయదు. ఒక పాలు నత్రజనికి వరిగడ్డిలో సుమారు 80 పాళ్ల కర్బనముండును. రంపపు పొట్టులో కొన్ని వందలు, ఆవుపేడలో 20కి దగ్గర, కోళ్లరెట్టలో 10కి అటునిటు. క్రుళ్లించు సూక్ష్మజీవులకు హితమైనది 25 మొదలు 30 వరకు. కావుననే ఒంటిగా వేసిన గడ్డి నెలల తరబడి మగ్గక పడియుండును. ఒంటిగా వేసిన రెట్టలోని నత్రజని అమోనియావాయువై ఎగిరిపోవును (ఈ సంగతి పొరుగువారి నాసికలకు ముందుగా తెలియును). ఒకదాని లోటు వేరొకదాని మిగులుచే పూడును. పాకము సాగునది ఆ భేదముచేతనే. మనము దానికి కట్టిన అంతస్తులు మాత్రము గోతిలోనికి దిగవు. గోమయముతో వాకిలి అలికి, కోడిరెట్టను గడప దాటనీయని ఆచారము పైరునకు తెలియదు.

1924 మొదలు 1931 వరకు ఇండోరులో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డు, పైరుల చెత్తను, పేడను, పశుమూత్రము ఇంకిన మట్టిని, కట్టెబూడిదను పొరలుగా పేర్చి, తిరుగవేయుచు, మూడు నెలలలో ఎరువు చేయు పద్ధతిని స్థిరపరచెను. రైతులను, చీడపురుగులను తన ఆచార్యులుగా చెప్పుకొన్న వినయశాలి యతడు. చక్కగా పేర్చిన కుప్ప నడిమివేడి 60 డిగ్రీలకు ప్రాకి, రోగక్రిములను, కలుపువిత్తులను చాలవరకు మాడ్చివేయును. మంత్రము లేని అగ్నిశుద్ధి యిది!

అయినను నన్ను వేధించు ప్రశ్న వేరొకటి. నశించునది హేయమనియు, నశింపని అక్షరమే ఉపాదేయమనియు మన వేదాంతము బోధించును. మట్టి దగ్గర ఆ లెక్క తలక్రిందగుచున్నది. అచ్చట నశించునదెల్ల అన్నమగుచున్నది. నశింప నిరాకరించునదే మాలిన్యమగుచున్నది. దీర్ఘకాలము నిలుచుట నిత్యత్వము కాదనియు, అక్షరము దృశ్యపదార్థములలో నొకటి కాదనియు వేదాంతి బదులు చెప్పును. ఆ బదులు సరియైనదే. ఆత్మవిషయమున నాకు దానితో పేచీ లేదు.

కాని మొన్న మా పెరటికుప్ప తిరుగవేయుచుండగా, గుడినుండి తెచ్చి వేసిన తులసియు, చేమంతులును ఏనాడో మన్నైపోయి కనబడెను. వెనుకటివలె అరటినారతో గ్రుచ్చియున్నచో అదియు వానితోడనే పోయెడిది. వానిని గ్రుచ్చిన నైలాను దారము మాత్రము, స్వామి మెడలోనున్ననాటి రంగు చెడక, గునపపు మొనకు చుట్టుకొని పైకి వచ్చినది.