ముగ్గులో వణుకు

"తప్పు చేశారని తేలనివాళ్ల గురించి నీతులు మాట్లాడటం న్యాయమేనా, సార్?" అన్నాడు కుర్రాడు. పీహెచ్‌డీ నాలుగో ఏడు. ఐఐఎస్సీ గేటు దాటి మల్లేశ్వరం వైపు నడుస్తున్నాం.

అతను అడిగింది 2018 సంగతి. ఆ జులైలో ఐఐఎస్సీకి చెందిన దేవ్ కుమార్ థాపా, అన్షు పాండే ఆర్కైవ్ సైటులో ఒక ప్రీప్రింట్, అంటే ఇంకా సమీక్ష కాని పేపరు, పెట్టారు. బంగారంలో పొదిగిన వెండి నానోకణాలు 236 కెల్విన్ దగ్గరే, అంటే మైనస్ 37 డిగ్రీల దగ్గరే, సూపర్‌కండక్టర్‌గా, అంటే నిరోధమే లేకుండా కరెంటు పోనిచ్చే పదార్థంగా, మారాయన్నారు. నిజమైతే చరిత్రే. ఆగస్టులో ఎంఐటీలోని బ్రయాన్ స్కిన్నర్ అందులోని ఒక గ్రాఫ్‌ను పట్టుకున్నాడు. వేర్వేరు అయస్కాంత క్షేత్రాల్లో కొలిచిన రెండు వరసల చుక్కల్లో నాయిస్, అంటే కొలతలో యాదృచ్ఛికంగా వచ్చే వణుకు, ఒకేలా ఉంది!

"రెండు రోజులు ముగ్గు పెడితే, రెండు రోజులూ చెయ్యి అక్కడే వణుకుతుందా?" అన్నాను.

"ఏదైనా భౌతిక కారణం ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. నేను వాళ్ల మనసుల జోలికి పోవడం లేదు. అనుమానం వచ్చినవాడికి సరిచూసుకునే వీలు ఇచ్చారా అన్నదే నా ప్రశ్న. మరికొందరు రచయితలతో ఆ ప్రీప్రింట్ కొత్త పాఠం వచ్చేసరికి 2019 మే అయింది."

"శాంపిల్, డేటా అన్నీ ఇచ్చేస్తే ఎలా సార్? నేను ఏళ్లతరబడి ఒళ్లు హూనం చేసుకుని తయారుచేసిన శాంపిల్ పెద్ద ల్యాబ్ చేతికి వెళ్తే నన్ను దాటిపోవడానికి ఎంతసేపు? పేటెంటు వాళ్లది, పేరూ వాళ్లదే. మా గైడ్ గ్రాంటు, నా ఉద్యోగం ఆ ఒక్క పేపరు మీదే ఉంటాయి."

ఇది గట్టి మాటే. "అంత భయముంటే చెప్పకు. పేటెంటు వచ్చేదాకా నోరు మెదపకు, ఎవరూ తప్పుపట్టరు. కానీ పేరు ఈ రోజే కావాలి, పరీక్ష మాత్రం తర్వాతెప్పుడో అంటే కుదరదు."

"శాంపిల్ పాడైపోతే?"

"తయారుచేసే పద్ధతి పూర్తిగా రాయి."

"సోషల్ మీడియాలో పరువు తీస్తారు."

"అది వేరే గొడవ."

ఇంతలో నకిలీ మెయిళ్ల కథ ఎత్తుకున్నాడు. ఈ వివాదం మీద మాట్లాడిన టీఐఎఫ్ఆర్ ప్రతాప్ రాయ్‌చౌధురికి టి.వి. రామకృష్ణన్ పేరుతో మెయిళ్లు వచ్చాయి. ఆ రామకృష్ణన్ పెద్ద భౌతికశాస్త్రవేత్త; అవి తనవి కావన్నారు. ఎవరు రాసి ఉంటారా అని సిగ్నల్ దాకా ఊహించుకుంటూ వెళ్లాం. నీతి కన్నా ఇదే ఎక్కువ రుచిగా ఉంది, ఏం చేస్తాం!

"సరే, సరిచూసే వీలు ఇవ్వాల్సిందే, ఒప్పుకున్నాను" అన్నాడు రోడ్డు దాటాక. "మరి గైడే అసలు రీడింగులు చూపించకపోతే?"

"నువ్వు చూసినవి తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో. చూడనివాటి మీద నీ పేరు వద్దని చెప్పు."

"నాలుగో ఏట్లోనా సార్?"

"నాలుగో ఏడైనా సరే" అన్నాను. అతను వాదించలేదు.