ఎక్కడని వెతికే ముందు ఎప్పటినుంచో తేల్చుకో

అమ్మణ్ణీ,

ఈమాక్స్‌లో కర్సర్‌ను కిందికి జరిపితే విండో ఒక్కసారిగా ఎగిరిపడుతోందనీ, పాత వెర్షన్‌లో ఈ పీడ లేదనీ, నువ్వు నిద్ర మానుకుని కోడ్ చదువుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. చెన్నేకొత్తపల్లిలో ఇంట్లో కూర్చుని లోకమంతా వాడే ఎడిటర్‌ను బాగుచేయ పూనుకున్నావంటే నాకు గర్వంగా ఉంది తల్లీ.

ముందు ఆ కోడ్ ఫైలు మూసెయ్. తెర మీద ఏ వరుస ఎక్కడ కనబడాలో లెక్క కట్టే ఎక్స్‌డిస్ప్ ఫైలు ఒక్కటే ముప్పై వేల వరుసలకు పైన ఉంటుంది. మొదటినుంచి చదువుకుంటూ పోతే ప్రతి వరుసా దొంగలాగే కనబడుతుంది.

అసలది బగ్గేనా? ఈమాక్స్‌లో కర్సర్ ఎప్పుడూ విండో లోపలే ఉండాలి. అడుగు వరుస దాటితే దాన్ని నడిమికి తెచ్చి చూపించడం ఈమాక్స్ మామూలు స్వభావం. స్క్రోల్ కన్సర్వేటివ్‌లీ అనే సెట్టింగును 100 దాటించి పెట్టినా ఎగురుతుంటే అప్పుడు అనుమానించు. నీ సొంత సెట్టింగులేవీ అంటకుండా మైనస్ క్యూ (-Q) ఆప్షన్‌తో తెరిచి చూడు. ఏ ఫైలు, విండో ఎన్ని వరుసలు, ఏ మీట ఎన్నిసార్లు నొక్కాలి, అన్నీ రాసిపెట్టుకో.

ఇంకొకటి. అదే పరీక్ష తెలుగు ఫైలుతోనూ చెయ్యి. కింద వత్తులు, పైన గుడులు ఉన్న మన వరుస ఇంగ్లీషు వరుస కంటే ఎత్తుగా ఉంటుంది. రెండూ కలిసిన ఫైల్లో వరుసల ఎత్తు ఒక్క తీరున ఉండదు, స్క్రోలింగ్ లెక్క తప్పేది తరచూ అక్కడే. 2020లో వచ్చిన 27.1 నుంచి అక్షరాలను కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూస్తోంది, అదీ గుర్తుంచుకో. ఇంగ్లీషు మాత్రమే టైపు చేసేవాళ్లకు ఈ ఆనవాలు దొరకదు, నీకు దొరుకుతుంది.

ఇప్పుడు గిట్ బైసెక్ట్. మన పొలాల్లో కరెంటు పోతే లైన్‌మన్ ప్రతి స్తంభమూ ఎక్కడు కదా. నడిమి ఏబీ స్విచ్ తెరిచి, ఇవతలి సగానికి కరెంటు ఇచ్చి చూస్తాడు. నిలిచిందంటే లోపం అవతలుంది. ఇదీ అంతే. బాగున్న వెర్షన్ ఒకటి, చెడిన వెర్షన్ ఒకటి చెబితే నడిమి కమిట్ తీసి చేతికిస్తుంది. మధ్యలో వెయ్యి కమిట్లున్నా పది పరీక్షల్లో తేలిపోతుంది. కానీ ఒక్క జవాబు తప్పు చెప్పావా, ఆ తర్వాతదంతా వృథా. అందుకని బిల్డ్ కాని కమిట్‌ను గుడ్ అనొద్దు, బ్యాడ్ అనొద్దు, స్కిప్ అను. ప్రతిసారీ పాత బిల్డ్ ఫైళ్లు తుడిచేసి కట్టు. ఒకసారి ఎగిరి ఒకసారి ఎగరకపోతే ఇంకా నాలుగుసార్లు చూశాకే జవాబు చెప్పు. తొందరపడి మాత్రం చెప్పొద్దు.

కమిట్ దొరికాక "ఎవడు చెడగొట్టినాడు" అని మాత్రం మొదలుపెట్టకు. ఆ మనిషి రాసిన కమిట్ సందేశం నిదానంగా చదువు. పొడుగు వరుసల దగ్గర ఎడిటర్ నత్తనడక నడుస్తోందనో, ఎత్తయిన బొమ్మ సగమే కనబడుతోందనో, ఎవరి కష్టమో తీర్చడానికే మార్చి ఉంటాడు. నువ్వు దాన్ని వెనక్కి తిప్పేస్తే నీ విండో కుదురుతుంది, ఆ కష్టం మళ్లీ వాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్ల ఫైలూ నీ ఫైలూ రెండూ సరిగ్గా కదిలితేనే అది దిద్దుబాటు. నన్నడిగితే ఈ పని మొత్తంలో ఓపిక కావలసింది ఇక్కడే.

బ్యాచ్ మోడ్‌లో అసలు తెరే ఉండదు కాబట్టి స్క్రోలింగ్‌కు టెస్టు రాయడం కష్టం. రాయగలిగితే రాయి. కుదరకపోతే నీ పరీక్ష పద్ధతిని కమిట్ సందేశంలోనే పెట్టు, రేపు ఇదే చోట చెయ్యి పెట్టేవాళ్లకు పనికొస్తుంది.

దిద్దుబాటు సిద్ధం కాలేదని రిపోర్టు ఆపొద్దమ్మా. రిపోర్ట్ ఈమాక్స్ బగ్ అనే ఆదేశం ఇస్తే వెర్షన్, బిల్డ్ వివరాలు అదే నింపుకుంటుంది. దానికి నీ పరీక్ష, దొరికిన కమిట్ సంఖ్య జతచేసి ఈ వారమే పంపించు.

నీ మేలు కోరే
మామ